శాన్‌ఫ్రాన్సిస్కో మోడరన్ ఆర్ట్ మ్యూజియం కొత్త బిల్డింగ్, అమ్మానాన్నలతో అక్కడ లంచ్ – నా అనుభవం (ఆగస్టు 2016)

ఎస్ఎఫ్‌మోమా (శాన్‌ఫ్రాన్సిస్కో మోడరన్ ఆర్ట్ మ్యూజియంని అలా అంటారు) మూడేళ్ళు మూసేసి 2016 మే 14న మళ్ళీ తెరిచారు కదా, వెనకాల పది అంతస్తుల కొత్త బిల్డింగ్ కట్టి. దాంతో పాటు జూన్‌లో కింద ఇన్ సిటూ అని ఒక రెస్టారెంట్ కూడా మొదలెట్టారు (అది ఇప్పుడు లేదు, తర్వాత మూసేశారు). మా అమ్మానాన్న జూన్ మొదట్లో తెనాలి నుంచి వచ్చారు, సెప్టెంబర్ ఆఖరికి తిరుగు ప్రయాణం. నాన్న హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా రిటైర్ అయ్యారు, ఆయన్ని ఆ మ్యూజియంకి తీసుకెళ్ళాలని వాళ్ళ ఫ్లైట్ టికెట్లు బుక్ చేసినప్పట్నుంచీ ఉంది నాకు. అమ్మ ప్యూర్ వెజిటేరియన్, గుడ్డు కూడా ముట్టదు. ఇలాంటి పెద్ద రెస్టారెంట్‌కి అలాంటి వాళ్ళని తీసుకెళ్తే ఏం జరుగుతుందో ఎవరూ తెలుగులో రాయలేదు, నేను చాలా వెతికా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఇన్ సిటూ సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట. దీని షెఫ్ కోరీ లీ. ఆయనకి దగ్గర్లోనే బెనూ అని మూడు మిషెలిన్ స్టార్ల (రెస్టారెంట్లకి ఇచ్చే రేటింగ్‌లో అన్నిటికంటే పైది) రెస్టారెంట్ ఉంది. కానీ ఇక్కడ ఆయన సొంత వంటలు పెట్టలేదు. ప్రపంచంలో పేరున్న షెఫ్‌ల దగ్గర వాళ్ళ వంటలు అడిగి తీసుకుని, నేర్చుకుని, అచ్చం వాళ్ళు చేసినట్టే చేసి పెట్టేవారు. మెనూలో ప్రతి వంట పక్కన దాన్ని కనిపెట్టిన షెఫ్ పేరు, ఏ రెస్టారెంట్, ఏ ఊరు, ఏ సంవత్సరం అని ఉండేది, పైన గోడకి బొమ్మ పక్కన కార్డు పెట్టినట్టే. నాకు ఈ ఆలోచన విపరీతంగా నచ్చింది, అసలు వెళ్ళాలనిపించిందే అందుకు.

టేబుల్ దొరకడమే అసలు కష్టం. జూలై మొదటి వారంలో ఆన్‌లైన్‌లో చూస్తే మాకు కుదిరే రోజులన్నీ నిండిపోయాయి. డిన్నర్ మీద నేను ఆశ పెట్టుకోలేదు, నాన్నకి షుగర్ ఉంది, రాత్రి ఆలస్యంగా తినడం కుదరదు, మేముండే ఫ్రీమాంట్‌కి తిరిగి రావాలంటే ఇంకో గంట. లంచ్ చూస్తుంటే ఒక్కళ్ళకీ ఇద్దరికీ దొరుకుతోంది కానీ నలుగురికి దొరకట్లేదు. రాత్రి పిల్లాడు పడుకున్నాక ఫోన్ తీసి చూడటం, పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ చూడటం, ఇదే పని అయిపోయింది. మా ఆయన అయితే వదిలెయ్ ఇంకో చోటికి వెళ్దాం అన్నారు. జూలై చివర్లో ఎవరో క్యాన్సిల్ చేసుకున్నట్టున్నారు, ఆగస్టు మూడో వారంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం 1:30కి నలుగురికి కనపడింది, అప్పటికప్పుడు పట్టేశా. నలుగురంటే నేను, అమ్మ, నాన్న, మా ఎనిమిదేళ్ళ బాబు. మా ఆయనకి సెలవు దొరకలేదు. రిజర్వేషన్ లేకుండా వచ్చే వాళ్ళ కోసం ముందు భాగంలో లాంజ్ ఉండేది, పొడుగు టేబుళ్ళ దగ్గర అందరితో కలిసి కూర్చునేవాళ్ళు, కానీ 70 ఏళ్ళ వాళ్ళని తీసుకెళ్ళి ఖాళీ అయ్యేదాకా నిలబెట్టలేం కదా.

బుక్ అయిన రోజే ఫోన్ చేసి చెప్పా, ఒకావిడ మాంసం, చేప, గుడ్డు ఏవీ తినరు, పాలు పెరుగు పర్లేదు అని. వాళ్ళు చాలా ఓపిగ్గా విన్నారు. చికెన్ స్టాక్ (కోడి ఎముకలు ఉడికించిన నీళ్ళు), ఫిష్ సాస్ కూడా కూడదని విడిగా చెప్పాను. ఇది మాత్రం ఎవరైనా తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఇక్కడ వెజిటేరియన్ అంటే కొందరికి ముక్క కనపడకపోతే చాలు. జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) సంగతి కూడా అప్పుడే అడిగా, డిజర్ట్‌లలో అది ఎక్కడో ఒకచోట ఉంటుంది. అన్నీ రాసుకుని, వచ్చిన రోజు సర్వర్‌తో ఇంకోసారి చెప్పమన్నారు.

మ్యూజియం టికెట్ అప్పట్లో (2016) పెద్దవాళ్ళకి 25 డాలర్లు, 65 దాటిన వాళ్ళకి 22, 18 ఏళ్ళ వరకు పిల్లలకి ఫ్రీ. అంటే మాకు 69 డాలర్లు అయింది. రెస్టారెంట్‌కి మాత్రమే వెళ్ళే వాళ్ళకి ఈ టికెట్ అక్కర్లేకపోయేది, థర్డ్ స్ట్రీట్ వైపు నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళు. కింద అంతస్తులో కొంత భాగం ఎవరైనా ఊరికే చూడొచ్చు కూడా, హోవార్డ్ స్ట్రీట్ వైపు అద్దాల గదిలో రిచర్డ్ సెర్రా అనే శిల్పి చేసిన సీక్వెన్స్ అనే పే...ద్ద ఇనుప శిల్పం అప్పట్లో ఉండేది, దాని మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళాం. మా వాడికి మొత్తం మ్యూజియంలో అదే ఎక్కువ నచ్చింది.

ఆ రోజు పొద్దున ఫ్రీమాంట్‌లో ఎండ మండిపోతోంది. అయినా అమ్మ చేత స్వెట్టర్, నాన్న చేత మఫ్లర్ పట్టించా. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి శాన్‌ఫ్రాన్సిస్కో ఆగస్టు చలి చెప్తే నమ్మరు. బార్ట్ (ఇక్కడి లోకల్ రైలు) ఎక్కి మాంట్‌గోమరీ స్టేషన్‌లో దిగి పైకి రాగానే గాలి ఈడ్చి కొట్టింది, అమ్మ కొంగు తల మీద కప్పుకుని "ఇదేం ఊరే, మాఘమాసంలా ఉంది" అంది. అక్కడ్నుంచి మ్యూజియం ఓ పది నిమిషాల నడక, పెద్దవాళ్ళతో పావుగంట పైనే వేసుకోండి. పదిన్నరకి లోపల ఉన్నాం.

కొత్త బిల్డింగ్ బయట నుంచి తెల్లగా అలలు అలలుగా ఉంటుంది. స్నోహెట్టా అనే నార్వే కంపెనీ డిజైన్ చేసింది. ముందున్న ఎర్ర ఇటుకల పాత బిల్డింగ్ మారియో బొట్టా అనే ఆర్కిటెక్ట్‌ది, 1995లో కట్టింది. నాన్న రోడ్డు అవతల నిలబడి చాలాసేపు చూశారు, ఆ తెల్ల గోడ ఫైబర్‌గ్లాస్ పలకలతో చేశారనీ అందులో మాంటెరే బే ఇసుకలోంచి తీసిన మెరుపు రేణువులు కలిపారనీ చెప్తే "అందుకే నీడ పడ్డచోట కూడా బతికుంది" అన్నారు. నాకు అంతకు ముందు వట్టి తెల్ల గోడే కనపడింది, ఆయన చెప్పాక మబ్బు కదిలినప్పుడల్లా దాని రంగు మారడం చూశా.

లోపల అన్నీ రాయను, చూసేవాళ్ళు చూస్తారు. రెండో అంతస్తులో ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్ గీసిన టోపీ పెట్టుకున్నావిడ (1905), మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో తననీ భర్త డియాగో రివేరానీ వేసుకున్న బొమ్మ (1931) ఉన్నాయి. మాటిస్ దగ్గర నాన్న అడుగు కదపలేదు. ముఖం మీద ఆకుపచ్చ ఎందుకుంది తాతయ్యా అని మా వాడు అడిగితే, ఆయన వాడి చెంప పట్టుకుని కిటికీ వైపు తిప్పి నీ ముఖం మీద కూడా ఉంది చూడు, మనం చూడం అంతే అన్నారు. మూడో అంతస్తులో బయట డాబా లాంటి చోట ఒక గోడ నిండా మొక్కలు, 19,000 పైన ఉన్నాయట, కాలిఫోర్నియా మొక్కలు కూడా చాలా ఉన్నాయి. దాని ముందు కాల్డర్ అనే అమెరికన్ శిల్పి చేసిన శిల్పాలు. అమ్మ బొమ్మల కంటే ఆ గోడ దగ్గరే ఎక్కువసేపు ఉంది, నీళ్ళు ఎట్టా పోస్తారే దీనికి అని. కూర్చోడానికి చోటు దొరికింది, పెద్దవాళ్ళతో వెళ్తే ఆ అంతస్తులో కాసేపు ఆగండి, మేము వెళ్ళినప్పుడు కాఫీ కూడా అక్కడే దొరికింది. ఇంకో సంగతి, బాత్రూములు ఒక్కో అంతస్తులో ఒక్కో రంగు, గోడా తలుపూ అంతా ఒకే రంగు ముంచేసినట్టు. అమ్మ ఎర్ర రంగుది చూసి కంగారుపడి బయటికొచ్చేసింది, ఆడవాళ్ళదేనా అని మళ్ళీ చూసి లోపలికెళ్ళింది.

పన్నెండున్నరకి నాన్నకి ఆకలి మొదలైంది. గ్యాలరీల్లో ఏమీ తిననివ్వరు, అందుకని కింద లాబీకి తీసుకొచ్చి ముందే తెచ్చిన అరటిపండు, రెండు బిస్కెట్లు పెట్టా. షుగర్ ఉన్న వాళ్ళతో 1:30 రిజర్వేషన్ అంటే ఇది తప్పనిసరి, ఎందుకంటే టేబుల్ దగ్గర కూర్చున్నాక మొదటి ప్లేటు రావడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఐదో అంతస్తులో మామూలు కేఫ్ ఒకటి ఉండేది, శిల్పాల తోట పక్కనే. రెస్టారెంట్ దొరక్కపోయినా అక్కడ హాయిగా తినగలిగేవాళ్ళం.

ఇన్ సిటూ పాత బిల్డింగ్ కింద అంతస్తులో ఉండేది, మేము వెళ్ళగానే కూర్చోబెట్టారు. పైన సీలింగ్‌కి చెక్క ముక్కలు వేలాడదీశారు, గోడలు కొన్నిచోట్ల నున్నగా చెయ్యకుండా వదిలేశారు. టేబుల్ క్లాత్‌లు లేవు, హడావుడి లేదు. నాన్న చొక్కా ప్యాంటు, మఫ్లర్, అమ్మ నేత చీర, స్వెట్టర్, నేను జీన్స్. ఎవరూ వింతగా చూడలేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, మన పెద్దవాళ్ళు "అంత పెద్ద హోటల్‌కి మేమెందుకులే" అని ముందే వెనక్కి తగ్గుతారు.

సర్వర్ ఒక అమ్మాయి, ఫోన్‌లో చెప్పినవన్నీ తన దగ్గర ఉన్నాయి. మెనూలో ఉన్నవి పదిహేను వంటల దాకా, అందులో అమ్మకి పనికొచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అనుమానం ఉన్నవి లోపలికెళ్ళి కనుక్కొచ్చింది, ఊహించి చెప్పలేదు. చివరికి అమ్మకి ది ఫారెస్ట్ అనేది చెప్పాం, ఫ్రాన్స్‌లో మాంటాన్ అనే ఊళ్ళో మిరాజూర్ రెస్టారెంట్ నడిపే మౌరో కొలాగ్రెకో వంట. ప్లేట్‌లో అడవి నేల ఉన్నట్టే ఉంటుంది, కినోవా అనే చిన్న గింజల్ని మెత్తగా ఉడికించి, పైన రకరకాల పుట్టగొడుగులు, పార్స్‌లీతో చేసిన పచ్చటి నాచు. అమ్మ ముందు చెంచాతో అంచు కదిపి చూసింది, తర్వాత ఒక పుట్టగొడుగు, ఇంకోటి. మా ఊరి దగ్గర వానలు పడ్డాక చేలగట్ల మీద పుట్టగొడుగులు ఏరుకొచ్చేవాళ్ళు, ఆ వాసన వస్తోందే అంది. కొంచెం ఉప్పు తక్కువైందంది కానీ ప్లేటు ఖాళీ చేసింది. మాకు అది పెద్ద గండం గట్టెక్కినట్టు.

నాన్నకి న్యూయార్క్ షెఫ్ వైలీ డుఫ్రేన్ ష్రింప్ గ్రిట్స్ చెప్పా. గ్రిట్స్ అంటే ఇక్కడ మొక్కజొన్న రవ్వతో చేస్తారు, కానీ ఇందులో రొయ్యల్నే సన్నగా రవ్వలా చేసి వండుతారు. చూస్తే మెత్తటి ఉప్మా, నోట్లో పెట్టుకుంటే రొయ్యలు. నాన్న రెండు చెంచాలు తిని ఆగిపోయి "వీడు రవ్వ వెయ్యలేదా అసలు" అని అడిగారు. గుంటూరు జిల్లా మనిషి, రొయ్యల రుచి ఆయనకి చెప్పక్కర్లేదు, రొయ్య మంచిదండీ అని సర్టిఫికెట్ ఇచ్చారు సర్వర్‌కి, నేను ఇంగ్లీషులో చెప్పా. ఆ అమ్మాయి సంతోషపడి వెళ్ళి వంటగదిలో చెప్తానంది.

డిజర్ట్ దగ్గర అసలు కథ. ఇటలీలో మోడెనా అనే ఊళ్ళో మాస్సిమో బొట్టురా రెస్టారెంట్ ఉంది, అక్కడ ఒకసారి వంటగదిలో లెమన్ టార్ట్ చేతిలోంచి జారి విరిగిందట. ఆయన ఆ విరిగినదాన్ని చూసి అలాగే బాగుందని, దాన్నే ఒక వంటగా పెట్టాడు. అయ్యో లెమన్ టార్ట్ పడేశాను అని దాని పేరే అది, మెనూలో 2012 అని ఉంది. గుడ్డు ఉంటుంది కాబట్టి అమ్మకి కాదు, నేనూ బాబూ తిన్నాం, నాన్న ఒక్క చెంచా రుచి చూశారు. కానీ ఆయన తినడం కంటే చూడటమే ఎక్కువ. ప్లేటు తిప్పి తిప్పి చూసి, అనుకోకుండా పడింది ఒక్కసారే, ఆ తర్వాత రోజూ ఇన్ని ప్లేట్లలో పడినట్టే పెట్టాలంటే ఎంత చెయ్యి తిరిగి ఉండాలమ్మా అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకి పిల్లల్ని తయారు చేసేటప్పుడు చూసి వెయ్యమనేవారట, చూసి వెయ్యడం తప్పు కాదు, ఎవరిది చూసి వేశావో కింద రాయకపోవడం తప్పు అని చెప్పేవారట. ఇక్కడ వీళ్ళు రాశారు, అందరి పేర్లూ రాశారు, ఊరు కూడా రాశారు అని మెనూ మళ్ళీ తెప్పించుకుని చదివారు. నాన్న ఇంత ఉత్సాహంగా మాట్లాడటం రిటైర్ అయ్యాక నేను చూడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

అమ్మ కోసం డెన్మార్క్‌లో నోమా రెస్టారెంట్ షెఫ్ రెనే రెడ్జెపీ డిజర్ట్ చెప్పాం, గొర్రె పాల పెరుగుతో చేసిన మూస్ (నురగలా తేలిగ్గా ఉండే తీపి), దాని మీద వుడ్ సారెల్ అనే ఆకు రసంతో పచ్చటి ఐసు తరుగు. మూస్‌లలో జెలటిన్ వేస్తుంటారు కాబట్టి, పచ్చ ఐసు ఒక్కటే చిన్న గిన్నెలో విడిగా ఇవ్వగలరా అని అడిగా, ఇచ్చారు. మూస్ ఉన్నది నేను తిన్నా. అమ్మ ఆ ఐసు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసి తెరిచి "పులిచింతాకు!" అంది. నిజంగానే అదే జాతి, మూడు ఆకులు గుండెకాయల్లా ఉంటాయి, మా పెరట్లో తులసికోట పక్కన దానంతటదే మొలిచేది, మేము చిన్నప్పుడు తెంపుకుని ఊరికే నమిలేవాళ్ళం, అమ్మ అప్పుడప్పుడూ పప్పులో కూడా వేసేది. ఎక్కడో చలిదేశంలో పుట్టిన వంట, అమెరికాలో చేసి పెడితే, తెనాలి ఆవిడ ఒక్క చెంచాకి ఆకు పేరు చెప్పేసింది. సర్వర్‌కి చెప్తే ఆ అమ్మాయి కాగితం మీద ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుంది. అమ్మ ముఖం చూడాలి ఆ నిమిషంలో, అప్పటిదాకా ఆవిడ మా కోసం ఓర్చుకుంటోందని నా లోపల ఒక దిగులు ఉండింది, అది అక్కడ పోయింది.

బాబుకి స్పెయిన్ షెఫ్ ఆల్బర్ట్ ఆడ్రియా చీజ్‌కేక్, చూస్తే గుండ్రటి చీజ్ దిమ్మలా ఉంది, వాడు కేక్ అని నమ్మలేదు, కత్తి దింపాక గానీ. పిల్లల మెనూ అంటూ విడిగా మేము చూడలేదు, వాడు దాంతో పాటు బ్రెడ్ తిని, నా ప్లేట్‌లోంచి తీసుకుని సర్దుకున్నాడు. బాగా ఆకలి వేసే పిల్లలైతే ముందే ఏదైనా పెట్టి తీసుకెళ్ళాల్సి వచ్చేది, ప్లేట్లు చిన్నవి, ఒక్కళ్ళు కడుపు నిండా తినాలంటే రెండు చెప్పుకోవాల్సి వచ్చేది.

మొత్తం గంటా నలభై నిమిషాలు కూర్చున్నాం. బిల్లు టాక్స్, టిప్ కలిపి 200 డాలర్లు దాటింది. మేము వైన్, జ్యూస్ ఏమీ తీసుకోలేదు, నీళ్ళే తాగాం, అవి కూడా తీసుకుంటే ఇంకా పెరిగేది. నాన్నకి బిల్లు చూపించకూడదనుకున్నా కానీ ఆయన చూసేశారు, రూపాయల్లోకి మార్చి పదమూడు వేలా అన్నారు. కాసేపాగి "సరేలే, పదిమంది వంటవాళ్ళ దగ్గరికి విమానం ఎక్కి వెళ్ళాలంటే ఎంతవుద్ది" అన్నారు. ఖరీదు ఎక్కువే, అందులో మాట లేదు. నెలనెలా వెళ్ళే చోటు కాదు. కానీ నా జీతంలో ఇంత మంచి ఖర్చు ఈ ఏడాది ఇంకోటి లేదు.

అదే రోజు టికెట్ మీద మళ్ళీ పైకి వెళ్ళొచ్చు, కాబట్టి తిన్నాక అమ్మని, బాబుని మొక్కల గోడ దగ్గర కూర్చోబెట్టి నాన్నా నేనూ నాలుగు, ఐదు అంతస్తులు చూశాం. గ్యాప్ బట్టల కంపెనీ పెట్టిన ఫిషర్ దంపతుల కలెక్షన్ ఎక్కువగా ఆ పై అంతస్తుల్లోనే ఉంటుంది, వందేళ్ళ పాటు ఉంచుకోమని మ్యూజియంకి ఇచ్చారట. మధ్యలో ఆగ్నెస్ మార్టిన్ అనే చిత్రకారిణి బొమ్మలకి ఎనిమిది పలకల చిన్న గది ఉంది, లేత రంగు గీతలు తప్ప ఏమీ ఉండవు, నాన్న అక్కడ బెంచీ మీద కూర్చుండిపోయారు. ఐదింటికి మూసేస్తారు (అప్పట్లో గురువారం రాత్రి తొమ్మిది దాకా ఉండేది, కానీ గురువారం మాకు కుదరలేదు), నాలుగున్నరకి కిందకొచ్చేశాం. బార్ట్‌లో ఆఫీసు రద్దీ మొదలయ్యే వేళ కదా, నాన్నకి సీటు ఇచ్చిన కుర్రాడు ఎవరో గానీ చల్లగా ఉండాలి. ఆరు దాటాక ఇంట్లో ఉన్నాం.

ఇలాంటి రెస్టారెంట్‌కి వెళ్ళాలనుకునే వాళ్ళు నలుగురి కంటే ఎక్కువమంది ఉంటే రెండు టేబుళ్ళుగా బుక్ చెయ్యండి, దొరకడం తేలిక. శాకాహారుల సంగతి బుక్ చేసిన రోజే ఫోన్‌లో చెప్పండి, గుడ్డు, స్టాక్, జెలటిన్ మూడూ పేరు పెట్టి చెప్పండి. ఇన్ సిటూ మెనూ మారుతూ ఉండేదట, నేను రాసినవి మేము వెళ్ళిన రోజు ఉన్న వంటలే. మా అత్తయ్యగారూ మావయ్యగారూ ఆ అక్టోబర్‌లో రావాల్సి ఉంది, వాళ్ళిద్దరూ చేప తింటారు కాబట్టి ఈసారి పని తేలిక అనుకున్నా. గురువారం మ్యూజియం రాత్రి దాకా ఉండేది కదా, మధ్యాహ్నం లంచ్, తర్వాత తీరిగ్గా పై అంతస్తులు అని అప్పట్నుంచే టేబుల్ కోసం చూడటం మొదలెట్టా.